లోపలి తడి

ఏది కనిపించినా ఆమె ముందు దాన్ని బొటనవేలితో ఒకసారి నొక్కి చూస్తుంది.

రొట్టెల కొట్లో రొట్టెను నొక్కుతుంది. బస్సులో కూర్చోబోయే ముందు సీటును నొక్కుతుంది. పసిపాపను ఎవరైనా చేతికిస్తే, ముద్దు పెట్టుకోవడానికి ముందు బుగ్గను నొక్కుతుంది. వేలు తీసి ఒక క్షణం ఆగుతుంది. గుంట పూడుకుంటే తల ఊపుతుంది.

"నన్ను కూడా అలా నొక్కి చూసే చేసుకుంది," అంటాడు వాళ్లాయన నలుగురిలో.

"అప్పుడు గట్టిగానే ఉండేవారు లెండి," అంటుంది ఆమె.

ఆ అలవాటు లాండ్రీలో పట్టుకుంది. హోటళ్ల దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికే పెద్ద లాండ్రీ అది. ఆమె పని రోలరు గదిలో. మనిషి నడుమంత లావున్న ఇనుప రోలరు ఆవిరితో కాగుతూ తిరుగుతుంటుంది. తడి దుప్పటి ఒక పక్క లోపలికి వెళ్లి, రెండో పక్క ముడతలు లేకుండా బయటికి వస్తుంది. దాన్ని మడిచి దొంతర పెట్టాక బొటనవేలితో నొక్కాలి. ఆరిన బట్ట వెంటనే పైకి లేస్తుంది. లోపల తడి మిగిలి ఉంటే గుంట అలాగే నిలిచిపోతుంది. చెయ్యి వేసి చూస్తే తెలియదు. పైన ఎప్పుడూ వెచ్చగా, పొడిగానే ఉంటుంది.

లాండ్రీలో అందరూ ఆమెను పెద్దక్క అంటారు. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్లు కూడా అలాగే అంటారు. పెళ్లికి ముందే ఈ పనిలో చేరింది. మొదట మురికి బట్టలు వేరుచేసే చోట, తర్వాత ఉతికే యంత్రాల దగ్గర, చివరికి రోలరు దగ్గర. పిల్లలిద్దరినీ ఈ జీతంతోనే చదివించింది. ఇప్పుడు వాళ్లు ఎవరి ఇళ్లలో వాళ్లున్నారు. వాళ్లాయన బస్సు కండక్టరు. లాండ్రీ వెనక వీధిలో, మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. వంటగది కిటికీ తెరిస్తే లాండ్రీ పొగగొట్టం కనిపిస్తుంది. పొగ లేస్తే పనికి బయల్దేరాలి. ఆ ఇంట్లో గడియారం ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు.

రోలరు అవతలి పక్క ఆమెకు జోడీగా పనిచేసే మనిషిని కబుర్లమ్మ అంటారు. ఎందుకో చెప్పనక్కర్లేదు. పెద్ద దుప్పటిని ఒక్కరు మడవలేరు. ఇద్దరు చెరో చివర పట్టుకుంటారు. బిగలాగుతారు. ఎదురెదురుగా నడుస్తారు. మూలలు కలిసినచోట ఒకరు అందిస్తారు, ఒకరు అందుకుంటారు. కింద వేలాడే మడతను వంగి తీసుకుని మళ్లీ వెనక్కి నడుస్తారు. ఏళ్ల తరబడి ఇద్దరూ రోజంతా అలా ఒకరి దగ్గరికి ఒకరు నడుస్తూనే ఉన్నారు. కబుర్లమ్మ నోరు ఆగదు. పెద్దక్క కాలు ఆగదు. దుప్పటి అంచు నేలకు తగిలితే అది మళ్లీ ఉతుక్కి వెళ్లాలి. పెద్దక్క చేతిలోంచి అలా ఒక్కటీ వెళ్లలేదు.

ఆ గదికి ఒక నియమం ఉంది. అది యజమాని పెట్టింది కాదు, బాయిలరు తాత పెట్టింది.

తాత బాయిలరు చూసుకుంటాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఒక ఎండాకాలం, రోలరు గదిలో పనిచేసే మనిషి చెమటలు కక్కి కక్కి కింద పడ్డాడు. తాతే ఎత్తుకుని పరిగెత్తాడు. ఆస్పత్రిలో ఎవరో అన్నారట, చెమటతో ఒంట్లో ఉప్పంతా పోయింది, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు అని. ఆ మాట తాతకు రాతిమీద గీతలా నిలిచిపోయింది. మర్నాటి నుంచి రోలరు గది గుమ్మం పక్కన ఒక డ్రమ్ము వెలిసింది. అందులో ఉప్పు కలిపిన నీళ్లు. గొలుసుతో కట్టిన గ్లాసు. లోపలికి వెళ్లేవాళ్లు ఒక గ్లాసు, బయటికి వచ్చేవాళ్లు ఒక గ్లాసు తాగాలి. ఎవరైనా నీరసంగా కనిపిస్తే ఇంకొకటి.

"తాగు. పోయిన ఉప్పు మళ్లీ లోపలికి పోవాలి," అంటాడు తాత.

"మీ ఉప్పు తిన్నవాళ్లం, కాదంటామా?" అంటుంది కబుర్లమ్మ, సగం తాగి మిగతాది మొహం కడుక్కునే చోట పారబోస్తూ.

పెద్దక్క పారబోయదు. తాత పోసింది చుక్క మిగలకుండా తాగుతుంది. ఆమె నోటికి ఆ రుచి ఎంతగా అలవాటైందంటే ఇంట్లో మంచినీళ్లు చప్పగా అనిపిస్తాయి.

ఆ ఎండాకాలం మొదట్లో ఆమె చెప్పులు బిగువయ్యాయి.

వానకు తడిసి ముడుచుకున్నాయనుకుంది. కానీ వానలు పడి చాలాకాలమైంది. కొత్తవి కొనుక్కుంది. అవి కూడా సాయంత్రానికి పాదం మీద పట్టీల అచ్చు దించేవి. మెట్లెక్కేటప్పుడు రెండో అంతస్తులో ఆగవలసి వస్తోంది. అక్కడ ఎవరిదో పూలకుండీ ఉంది. ఆగి దాన్ని చూస్తున్నట్టు నిలబడేది. ఆ ఇంటావిడ ఒకరోజు తలుపు తీసి, "అంత నచ్చితే ఒక కొమ్మ తీసుకెళ్లండి పెద్దక్కా," అంది. ఆ కొమ్మ పట్టుకుని పై అంతస్తుకు చేరేసరికి ఆమెకు మాట పెగల్లేదు.

ఎండ, అనుకుంది. వయసు, అనుకుంది. మోకాళ్లు, అనుకుంది. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు ఎప్పుడూ ఆమె సంచిలో ఉంటాయి. పొద్దున ఒకటి, నొప్పి ఎక్కువైతే ఇంకొకటి. ఆ మాత్రలు ఎన్నడూ మర్చిపోలేదు. మర్చిపోయినవి వేరే ఉన్నాయి. కొన్నేళ్ల క్రితం లాండ్రీకి ఎవరో వచ్చి అందరికీ బీపీ చూశారు. ఆమెకు చాలా ఎక్కువ ఉందన్నారు, రోజూ వేసుకోమని మాత్రలు రాసిచ్చారు. కొన్ని నెలలు వేసుకుంది. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. ఏ బాధా లేని మనిషికి మాత్రలెందుకని మానేసింది. మానేశాక కూడా ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఆమెకు సాక్ష్యం అయింది.

నీరసం వచ్చినప్పుడల్లా తాత గ్లాసు నింపి ఇచ్చేవాడు. తాగేది. మర్నాడు ఇంకాస్త నీరసంగా ఉండేది. మొహం చూసి తాత ఇంకో గ్లాసు నింపేవాడు.

"ఒళ్లు చేశావే పెద్దక్కా," అంది కబుర్లమ్మ ఒకరోజు. "ఏం తింటున్నావో మాకూ చెప్పు."

"ఏమీ తినట్లేదే. రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది."

"అవునవును. గాలి తిని బలిసేవాళ్లని చూశాం."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతుంటే పెద్దక్కకు దగ్గు వచ్చింది. పొడి దగ్గు. చాలాసేపు వదల్లేదు.

తర్వాత దిండ్లు మొదలయ్యాయి.

వెల్లకిలా పడుకుంటే ఎవరో ఎదమీద తడి దుప్పట్ల మూట పెట్టినట్టు ఉండేది. దిండు మీద దిండు వేసుకుంది. హాయిగా ఉంది. కొన్నాళ్లకు మూడోది కావలసి వచ్చింది. చివరికి వాళ్లాయన దిండు కూడా లాక్కుంది.

"ఏమే, ఇది మంచమా, సింహాసనమా?" అన్నాడు ఆయన. "టికెట్టు లేకుండా నా సీటు కూడా ఆక్రమించావు."

"మీకు చెయ్యి ఉందిగా. తలకింద పెట్టుకోండి."

ఆయన నవ్వి అటు తిరిగాడు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. వీపుకు గోడ చల్లగా తగిలింది. ఆ చల్లదనంలో ఆమెకు అమ్మ గుర్తొచ్చింది.

అమ్మ చివరి ఏడాదంతా గోడకు ఆనుకునే నిద్రపోయింది. పడుకోవే అమ్మా అంటే, కూర్చుంటేనే హాయిగా ఉందే అనేది. అది అమ్మ అలవాటు అనుకున్నారు ఇంట్లో. గోడమీద ఆమె తల ఆనే చోట నూనె మరక పడింది. అమ్మ పాదాలు మెరుస్తూ, నున్నగా, గాలి ఊదినట్టు ఉండేవి. ముసలితనంలో మళ్లీ పసిపాదాలొచ్చాయని ఆడపిల్లలు ఆటపట్టించేవాళ్లు. ఒకరోజు తెల్లవారి చూస్తే అమ్మ అలా కూర్చునే ఉంది. అదృష్టవంతురాలు, నిద్రలోనే పోయింది, ఎవరిచేతా చేయించుకోలేదు అన్నారు అందరూ. తనూ అంది.

ఇప్పుడు తన తల గోడమీద ఎక్కడ ఆనుతోందో ఆమె తిరిగి చూడలేదు. చూస్తే మరక కనిపిస్తుందేమోనని భయం వేసింది.

ఆ భయం ఎవరికీ చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుంది. చెప్పనంతవరకు అది దిండ్ల వ్యవహారమే. ఆయన పక్కనే నిద్రపోతుంటే ఆమె తన ఊపిరిని తనే వినేది. లోపల ఎక్కడో, నీళ్లు మరగడానికి ముందు గిన్నె అడుగున వచ్చే చప్పుడు లాంటిది వినిపించేది. దగ్గితే పోయేది. మళ్లీ వచ్చేది. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపించేది. ఒక్కోసారి అది అడుగు తప్పిన మనిషిలా తడబడి, తర్వాత తొందర తొందరగా నడిచేది. ఆ తడబాటు కోసం ఎదురుచూస్తూ ఆమె మేలుకుని ఉండేది. పొద్దున పొగగొట్టం నుంచి పొగ లేవగానే, బతికిపోయాననుకుని లేచేది.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ రోలరు ఆపారు. అందరూ బయటి వరండాలోకి వెళ్లారు. పెద్దక్క ఒక్కతే లోపల మూట మీద కూర్చుంది. పాదం దురద పెడుతోంది. వంగి గోక్కోవాలని చూసింది. వంగగానే ఊపిరి ఆగినట్టయి మళ్లీ నిటారుగా కూర్చుంది. కాలు ఎత్తి పక్క మూట మీద పెట్టుకుంది. చీలమండ ఉండవలసిన చోట ఎముక కనిపించలేదు. చర్మం బిగుసుకుని మెరుస్తోంది.

ఏమీ ఆలోచించకుండానే బొటనవేలితో నొక్కింది. వేలు తీసింది.

గుంట పడింది. పూడుకోలేదు.

ఆమె చూస్తూ కూర్చుంది. బయట కబుర్లమ్మ ఏదో చెబుతోంది, అందరూ నవ్వుతున్నారు. గుంట అలాగే ఉంది. కొంచెం పైన నొక్కింది. అక్కడా నిలిచింది. మోకాలి కింద నొక్కింది. అక్కడా. తన ఒంట్లో ఎక్కడిదాకా తడి ఉందో వెతుకుతూ పైకి పోతున్న వేలు ఒకచోట ఆగిపోయింది. ఇంకా పైన చూడటానికి ధైర్యం చాల్లేదు. ఏళ్లుగా వేల దొంతరలు నొక్కిన వేలికి ఆ గుంట అర్థం తెలుసు. మళ్లీ రోలరులోకి పంపాలి. కానీ మనిషిని ఏ రోలరులోకి పంపుతారు?

గుమ్మంలో అలికిడైంది. ఆమె చీర కిందికి లాక్కుంది.

"ఏంటమ్మా, మొహం అలా పాలిపోయింది?" అన్నాడు తాత. చేతిలో గ్లాసుంది. "నేను చెప్తూనే ఉన్నా. ఈ ఎండకి ఒకటి చాలదని. తాగు."

ఆమె తాగింది. తాత ఖాళీ గ్లాసులోకి చూసి, తృప్తిగా వెళ్లిపోయాడు.

రోలరు మళ్లీ తిరిగింది. దుప్పటి బయటికి వచ్చింది. ఇద్దరూ చెరో చివర పట్టుకున్నారు. బిగలాగారు. కబుర్లమ్మ తన కోడలి గురించి చెబుతూ ఎదురుగా నడిచి వస్తోంది. పెద్దక్క ఒక అడుగు వేసింది. రెండో అడుగుకు గదిలో గాలి అయిపోయింది. నోరు తెరిచింది. ఏమీ లోపలికి రాలేదు. ఎదురుగా వస్తున్న తెల్లటి దుప్పటి ఒక్కటే కనిపిస్తోంది. అది దగ్గరికి వస్తోంది, తను దాని దగ్గరికి వెళ్లలేకపోతోంది. చేతులు దిగాయి. దుప్పటి అంచు నేలకు తగిలింది.

కబుర్లమ్మ మాట మధ్యలో ఆగింది. ఆ గదిలో ఆమె మాట ఆగడం అదే మొదలు.

"అక్కా!"

పెద్దక్క మూట మీద కూలబడింది. కబుర్లమ్మ వచ్చి ఆమె భుజాలు పట్టుకుంది. "వంగకు, వంగకు. నిటారుగా కూర్చో. గాలి పీల్చు. ఎన్నాళ్ల నుంచీ ఇది?"

"ఏం లేదే. ఎండ."

"ఎండా? నాకు కళ్లు లేవనుకున్నావా? కొన్ని వారాల నుంచీ మడతకి వంగేది నేనొక్కదాన్నే. నువ్వు ఒక్కసారి వంగలేదు. నడుం నొప్పేమో, చెబుతావులే అని చూస్తున్నా. నోరు తెరవ్వేం?"

పెద్దక్క చీర కొంచెం పైకి జరిపి కాలు చూపించింది. వేలితో నొక్కి చూపించింది. ఇద్దరూ ఆ గుంటను చూశారు. కబుర్లమ్మ మొహంలో నవ్వు తాలూకు చివరి గీత కూడా చెరిగిపోయింది.

"మా అమ్మ ఇలాగే పోయిందే," అంది పెద్దక్క. చాలా చిన్నగా అంది.

"నోర్ముయ్. లే."

తాత గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. తాగే ఓపిక కూడా ఆమెకు లేదు. చేత్తో వద్దని నెట్టింది. ఆ నీళ్లు నేలమీది దుప్పటి మీద ఒలికాయి.

ఆస్పత్రి రెండు వీధుల అవతల. బట్టలు మోసే లాండ్రీ బండిలో, మూటల మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లారు. కబురు అందుకుని వాళ్లాయన డ్యూటీలోంచే వచ్చాడు. భుజాన టికెట్ల సంచి అలాగే వేలాడుతోంది.

డాక్టరు మధ్యవయసు మనిషి, తక్కువ మాట్లాడే ఆవిడ. మెడ పక్కన ఉబ్బిన నరాన్ని చూసింది. వీపుమీద గొట్టం పెట్టి చాలాసేపు వింది. తర్వాత కాలి దగ్గరికి వచ్చి, బొటనవేలితో నొక్కి, వేలు తీసి, ఆగింది. పెద్దక్క కళ్లు మూసుకుంది. ఆవిడ ఏం చూస్తోందో ఆమెకు చూడకుండానే తెలుసు.

చీకటి గదిలో పక్కకు పడుకోబెట్టి ఎదమీద జిగురు రాశారు. తెరమీద బూడిదరంగులో ఏదో కదిలింది. పెద్దక్క అది చేప అనుకుంది. ఒడ్డున పడ్డ చేప నోరు తెరిచి మూసినట్టు ఉంది.

"అదేంటమ్మా?" అంది.

"మీ గుండె."

మళ్లీ ఆ వైపు చూడలేదు.

ఆ సాయంత్రమే నరానికి మందు ఎక్కించి, ముక్కుకు గాలి గొట్టం పెట్టి, ఒంట్లో నీరు దిగేదాకా కొన్ని రోజులు ఉండాలన్నారు. డాక్టరు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. మంచానికి ఒక పక్క కండక్టరు, ఒక పక్క కబుర్లమ్మ నిలబడ్డారు.

"దీన్ని హార్ట్ ఫెయిల్యూర్ అంటాం," అంది డాక్టరు.

"ఫెయిలంటే..." అన్నాడు కండక్టరు. "అంటే ఇంక..."

"ఆగిపోవడం కాదండీ. చేయాల్సినంత పని చేయలేకపోవడం. గుండె ముందుకు తోయలేని రక్తం వెనక నిలిచిపోతుంది. అందులోంచి నీరు ఊపిరితిత్తుల్లోకి, కాళ్లలోకి దిగుతుంది. పడుకుంటే ఊపిరాడకపోవడం, మెట్లెక్కలేకపోవడం, కాళ్ల వాపు, అన్నీ దానివల్లే."

"ముందు బస్సు కదలకపోతే వెనకవన్నీ వరసగా ఆగిపోయినట్టు."

"అంతే."

ఆయన సంచి పట్టీని గట్టిగా పట్టుకున్నాడు. "ఎందుకొస్తుందండీ ఇది? ఆవిడకి ఏ అలవాటూ లేదే. సిగరెట్లు కాల్చేది నేను."

"మీకు రాదని కాదు," అంది డాక్టరు. "చాలామందికి గుండెకు రక్తం తెచ్చే నాళాలు కొవ్వుతో పూడుకుపోయి వస్తుంది. పొగ తాగేవాళ్లకీ, షుగరున్నవాళ్లకీ అది ఇంకా తొందరగా. కొందరికి చిన్నప్పటి కీళ్ల జ్వరం గుండె కవాటాల్ని పాడుచేస్తుంది. తాగుడు, కొన్ని రకాల జ్వరాలు గుండె కండరాన్నే తినేస్తాయి. కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా ఉంటుంది. ఈమెకి మాత్రం ముఖ్యంగా బీపీ అనిపిస్తోంది. ఎక్కువ ఒత్తిడికి ఎదురు తోసి తోసి ఏళ్ల తరబడి గుండె గోడలు మందమయ్యాయి. ఇప్పుడు అలిసిపోయింది. బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అమ్మా?"

పెద్దక్క పైకప్పు వైపు చూసింది. "ఏ బాధా లేదని మానేశాను."

"బీపీ బాధ పెట్టదమ్మా. అందుకే దాన్ని నమ్మకూడదు. ఇంకేమైనా మాత్రలు?"

"మోకాళ్లకి. రోజూ."

డాక్టరు తల పంకించింది. "నొప్పి మాత్రల్లో చాలావాటికి ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచే గుణం ఉంది. అవి ఇవాళ్టితో ఆపేయాలి. ఉప్పు ఎంత తింటారు?"

"తక్కువేనండీ," అన్నాడు కండక్టరు. "ఈవిడ వంట చప్పగా ఉంటుందని నాకు ఎప్పుడూ గొడవే."

కబుర్లమ్మ ఏదో అనబోయి ఆగింది. పెద్దక్క ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది, వద్దని. కబుర్లమ్మ ఆ చెయ్యి విడిపించుకుంది.

"ఉప్పునీళ్లు తాగుతుందండీ," అంది. "పని దగ్గర. మేమంతా తాగుతాం. నేను సగం పారబోస్తాను. ఇది చుక్క వదలదు. నీరసపడితే ఇంకా తాగిస్తారు."

డాక్టరు కుర్చీని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. ఆ జరుపుకోవడమే పెద్దక్కను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది. మనుషులు చెడ్డమాట చెప్పే ముందు దానికి చోటు చేస్తారు.

"ఎంతకాలంగా?" అంది డాక్టరు.

"చేరినప్పటి నుంచీ," అంది పెద్దక్క.

"నీరు దిగని ఒంటికి ఉప్పు పోస్తే, అది ఇంకా నీటిని పట్టుకుంటుంది. మీకు నీరసం వచ్చింది ఉప్పు తగ్గి కాదమ్మా, ఎక్కువై." డాక్టరు లేచింది. "ఎండలో చెమటపట్టే మనిషికి చాలావరకు మంచినీళ్లు, వేళకి భోజనం చాలు. ఒక్కో మనిషికి ఒక్కో లెక్క. అందరికీ ఒకటే డ్రమ్ము పనికిరాదు."

ఆవిడ వెళ్లాక కండక్టరు మంచం అంచున కూర్చున్నాడు. "అన్ని దిండ్లు వేసుకుంటే నేను జోకులేశాను," అన్నాడు.

"బాగానే ఉన్నాయి లెండి జోకులు."

ఆయన నవ్వలేదు. జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి చూసి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. పారేయడానికి కూడా ధైర్యం కావాలి.

కొన్ని రోజుల్లో ఆమె ఒంట్లోంచి నీరు దిగింది. చీలమండల ఎముకలు మళ్లీ బయటపడ్డాయి. ఒక దిండుతో పడుకోగలిగింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మందులన్నీ చెప్పింది. ఇవి ఒకరోజు కూడా మానకూడదంది. లాండ్రీ పని కొన్నాళ్లు వద్దంది. చివర్లో గట్టిగా చెప్పిన మాట ఒకటే. రోజూ పొద్దున లేవగానే, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలి. ఒక్కరోజులో కిలో పైన పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఒంట్లో బాగానే ఉన్నట్టు అనిపించినా సరే, వెంటనే రావాలి.

"మళ్లీ ముదిరిపోయాక వస్తే ఈసారిలా తేలిగ్గా దిగకపోవచ్చు," అంది.

ఇంట్లో తూకం లేదు. "మూటలు తూచేది ఉందిగా, వెళ్లి దానిమీద నిలబడు," అంది కబుర్లమ్మ.

అలా మర్నాడు పొగ లేవగానే ఆమె లాండ్రీకి వెళ్లింది. మూటలు వచ్చే గదిలో, నేలలో దిగేసిన ఇనుప పలక అది. హోటళ్ల నుంచి వచ్చే మూటల్ని దానిమీద పడేస్తారు. చెప్పులు విడిచి ఎక్కింది. ఇనుము పాదాలకు చల్లగా తగిలింది. కబుర్లమ్మ ముల్లు చూసి అంకె చెప్పింది. ఆస్పత్రిలో పంపేటప్పుడు చూసిన బరువే.

"ఒక దుప్పట్ల మూట, రెండు తువ్వాళ్ల మూటలు," అంది కబుర్లమ్మ. "ఎక్కడికి పంపమంటావు?"

పెద్దక్క నవ్వబోయింది. గుమ్మంలో తాత నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు. చేతిలో గ్లాసు లేదు.

"డ్రమ్ము తీసేశాను," అన్నాడు.

"ఇది చెప్పిందా?" అంది పెద్దక్క కబుర్లమ్మ వైపు చూసి.

"చెప్పింది." ఆయన చేతులు ఎక్కడ ఉండాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "నా చేత్తో పోశానమ్మా. నువ్వు పాలిపోతుంటే చూసి, ఇంకా ఇంకా పోశాను."

"నీవల్ల కాదు తాతా. బీపీ మాత్రలు మానింది నేను. నొప్పి మాత్రలు మింగింది నేను. తెలిసి కూడా దాచింది నేను."

"ఒకడు పడిపోతే చూశాను. మళ్లీ ఎవరూ పడకూడదనుకున్నాను."

రోలరు గదిలోకి వెళ్లేవాళ్లు ఒక్కొక్కరే గుమ్మం దగ్గర అలవాటుగా ఆగి, డ్రమ్ము లేని చోటును చూసి వెళ్తున్నారు. వాళ్లలో ఒకామె గోడ పక్కకు వెళ్లి, ఎవరూ చూడట్లేదనుకుని, కాలు ఎత్తి నొక్కి చూసుకుంది. తర్వాత ఇంకొకామె. తాత వాళ్లను చూసి తల తిప్పుకున్నాడు. కాసేపటికి ఆయన కూడా బాయిలరు చాటున వంగి, పంచె అంచు ఎత్తాడు. ఏం కనిపించిందో ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజంతా పెద్దక్క ఇంట్లోనే ఉంది. కండక్టరు ఉప్పు లేకుండా వండాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తిన్నారు. ఆమె మందులన్నీ వేళకు వేసుకుంది. ఒక దిండు మీద పడుకుంది. బాగానే నిద్రపట్టింది.

మర్నాడు ఉదయం కండక్టరు తొలి బస్సుకు వెళ్లిపోయాక ఆమె మళ్లీ తూకం దగ్గరికి వెళ్లింది. కబుర్లమ్మ ఇంకా రాలేదు. తాతే ముల్లు చూశాడు. కళ్లు నలుపుకుని మళ్లీ చూశాడు.

"చెప్పు తాతా."

ఆయన చెప్పాడు. నిన్నటికన్నా కిలోన్నర ఎక్కువ.

ఆమె దిగింది. మళ్లీ ఎక్కింది. ముల్లు అక్కడే ఆగింది. ఊపిరి బాగానే ఆడుతోంది. పాదాలు సన్నగానే ఉన్నాయి. మెట్లు దిగి వచ్చింది, ఆయాసం లేదు. ఎక్కడా ఏ బాధా లేదు.

"పాత తూకం అమ్మా ఇది," అన్నాడు తాత. "ఒక్కోరోజు తప్పు చూపిస్తుంది. నిన్నటి బట్టలు వేరేమో. బానే ఉన్నావుగా. రేపు కూడా చూద్దాం."

రేపు చూద్దాం. ఆ మాట ఎంత మెత్తగా ఉందంటే ఆమెకు దాని మీద తల పెట్టుకోవాలనిపించింది. అమ్మ ఏడాదంతా ఆ మాట మీదే నిద్రపోయింది.

చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. తాత వెనకనుంచి పిలిచాడు. ఆగలేదు. రెండు వీధులు మెల్లగా దాటింది. కొట్లు ఇంకా తెరవలేదు. ఆస్పత్రి గేటు కూడా మూసే ఉంది. కాపలా మనిషి స్టూలు మీంచి లేచి వచ్చాడు.

"ఏమైందమ్మా, ఇంత పొద్దున్నే?"

"బరువు పెరిగాను."

అతను ఆమెను పైనుంచి కిందిదాకా చూసి నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"భయంగా ఉంది," అంది ఆమె. ఆ మాట ఒక మనిషితో అనడం ఆమెకు అదే మొదటిసారి. "గేటు తియ్యి నాయనా."